మూతకు తగ్గ పెట్టె

మార్చి చివర, మంచు బురదగా మారే పొద్దున
గురీనె తోపుడుబండి తోసుకుంటూ వచ్చి నా కొట్టం ముందు ఆగింది.
బండిలో ఏడు పలకలు, తారు వాసన,
ఆమె ఎనభై మూడేళ్ళ రొప్పు.

"భోషాణం కావాలి," అంది.
"మూత వంపు తిరిగి ఉండాలి.
బల్లపరుపుగా ఉంటే దాని మీద కాఫీ గిన్నె పెడతారు,
పాత పత్రికలు పేరుస్తారు, పిల్లి పడుకుంటుంది,
ఆ తర్వాత తెరవాలని ఎవరికీ గుర్తుండదు."

నేను విన్న కారణం వేరు.
మా హెల్గెలాన్ తీరం నుంచి చలికాలపు వేటకు
తెరచాప పడవల్లో పోయేవాళ్ళ తిండిపెట్టెలకు
ఇలాంటి మూతలే ఉండేవి.
అల విరుచుకుపడినా నీళ్ళు జారిపోవాలి, రొట్టె తడవకూడదు.
చెప్పాను.
"అదీ నిజమేలే," అంది.

పలకలు వాళ్ళ నాన్న ఎడ్విన్ పడవవి,
ముక్కు దగ్గరివి.
మిగతా పడవంతా ఏ చలికి ఆ చలి పొయ్యిలోకి పోయింది.

మామూలుగానైతే నేను సన్నటి పేట్లు కోసి
అంచులు ఏటవాలుగా చిత్రిక పట్టి
పీపా కట్టినట్టు జోడిస్తాను.
దానికో లెక్క ఉంది: ఇన్ని పేట్లకు ఇంత వాలు.
ఇక్కడ లెక్క చెల్లలేదు.
ఈ చెక్కను ఎవరో ఎప్పుడో ఆవిరి పట్టి,
మోకాలు ఆనించి, మేకులు దిగేసి వంచారు.
ముప్పయ్యేళ్ళ పాటు సముద్రం ఆ వంపును సరిచూసింది.
ఏ రెండు పలకలూ ఒక్కలా వంగలేదు.

మూడు రోజులు వాటితో కొట్లాడాను.
మరిగే నీళ్ళు పోశాను, బిగించాను, బూతులు తిట్టాను.
నాలుగో రోజు ఓడిపోయి
పలకల్ని నేల మీద బోర్లించి, పక్కపక్కన పేర్చి
ఆ వంపును అట్ట మీద గీసుకున్నాను.
ఆ గీత వెంట పెట్టె పక్కలు కోశాను.
మూతే ముందు, పెట్టె తర్వాత.
మా భాషలో తలకిందులైన పడవ అడుగుకూ
వంపు తిరిగిన కప్పుకూ ఒకటే మాట.
పుట్టినప్పటి నుంచీ అంటున్నాను గానీ
ఆ మాట నాకు వినపడింది ఆ రోజే.

అయిదో పలక మీద తారు గీకుతుంటే
బొటనవేలి గోరంత వెడల్పున ఒక చీలిక.
పురుగు తొలిచింది కాదు, మేకు రంధ్రం కాదు,
అంచులు లోపలికి నలిగి ఉన్నాయి.
జానెడు దూరంలో ఇంకోటి, అంత లోతు లేదు.
లక్క కరిగించి రెండూ పూడ్చాను.
గరుకు కాగితం పట్టి కంటికి ఆనకుండా చేశాను.
పనితనం అంటే అదేననుకున్నాను.

శనివారం వచ్చింది.
మూత మీద అరచేయి ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరకు
నిమురుతూ నిమురుతూ ఆగిపోయింది.
జుట్టులోంచి పిన్ను తీసి, ఏమీ అనకుండా
లక్కంతా గీకి పారేసింది.

"ఇది నాన్న కత్తి," అంది.
"బోర్లాపడ్డ పడవకు పట్టు ఏముంటుంది?
దిగ్గొట్టి, పిడి పట్టుకున్నారు.
తెల్లారేదాకా."

"మరి ఆ రెండోది?"

"ఓలుఫ్‌ది."
లోతు తక్కువదాని మీద చూపుడు వేలు పెట్టి
కాసేపు తియ్యలేదు.

ఏం దాస్తావని అడిగాను.
"దుప్పట్లు, ఇంకేముంటాయి," అంది.
నిజంగానే దుప్పట్లు.
వాటి అడుగున మాత్రం బిరుసెక్కిన ఉన్ని తొడుగు ఒకటి,
ఒక్క చేతిదే, రెండు బొటనవేళ్ళది.
ఒకవైపు తడిసి గడ్డకడితే
తిప్పి తొడుక్కోవడానికి అలా అల్లేవాళ్ళు.

లోపలివైపు చిత్రిక కొంచెం ఎక్కువే పట్టినట్టున్నాను,
మూత వేస్తే ఎడ్విన్ చీలికలోంచి
దారమంత వెలుగు దుప్పట్ల మీద పడుతోంది.
దుమ్ము కూడా పడుతుందని హెచ్చరించాను.
"పడనీ."

వంపుకు డబ్బు వేసుకోలేదు, అది నా పని కాదు.
పక్కలకు, కీళ్ళకు, నాలుగు రోజుల కూలికి అడిగాను.
నాలుగెందుకు, మూడు రోజులు దండగేగా అని
గుమ్మంలో నిలబడి బేరమాడింది.